అంచు పలక

"నన్నింక ఎక్కడికి జరుపుతారే? సముద్రంలోకా?"

వంటింటి గుమ్మానికి అడ్డంగా పడి ఉన్న మంచం మీంచి అత్త కేక పెట్టింది. వారం రోజుల్లో ఆ మంచం జరగడం ఇది మూడోసారి. కిటికీ పక్కనుంచి గోడవారకి, గోడవారనుంచి నడవలోకి, ఇప్పుడిదిగో, పొయ్యికి మూడడుగుల దూరంలోకి. ఆవిడ గదిలో మంచం ఉండాల్సిన చోట రెండు బకెట్లూ ఒక పాత డేగిసా కాపురం పెట్టాయి.

"కాసేపు ఓపిక పట్టండి అత్తయ్యా. పైన చూస్తున్నారు కదా," అంది వదిన, పెరటి గోడకి వేసిన నిచ్చెన మీద సగంలో ఆగి.

"ఏం చూస్తారు? చిన్నాడు చేసిన నిర్వాకం చూడ్డానికి నిచ్చెనెందుకూ, నా మంచం మీద పడుకుంటే చాలు. బొట్టు బొట్టుగా మొహం మీదే పడుతుంది."

ఈ మాట పైనున్న చిన్నాడికి వినపడే ఉంటుంది. ఆవిడ అన్నది వినపడాలనే.

వదినకి అసలు పేరొకటి ఉంది గానీ, ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. మరిది పిలిచిన పిలుపు అది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అన్న చేతి దెబ్బలకి అడ్డం వెళ్లింది. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, ఇళ్ల కప్పులు వేయడంలో చేయి తిరిగిన పనివాడు. అయినా ఇంట్లో చిన్నాడే, బజారులోనూ చిన్నాడే.

ఆమె మొగుడు వడ్రంగి. ఈ ఇల్లు ఆయన తన చేతుల్తో, తన మనసులో ఉన్న కొలతల ప్రకారం కట్టుకున్నాడు. గోడల నిండా చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కించిన చెక్క పలకలు. సముద్రపు గాలికి అవి తేనెరంగు పోయి వెండిరంగుకి తిరుగుతుంటే దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. ఎక్కడా ఒక్క మేకు తల కనబడదు. మేకు కనబడితే అది చెక్కపనే కాదని ఆయన పట్టు. మేకు తలని లోపలికి దించి, పైన రంపపు పొడీ జిగురూ కలిపి పూడ్చి, అరచేత్తో తడిమినా తెలియకుండా చేస్తాడు.

కప్పు మాత్రం చిన్నాడు వేశాడు. పలకలు పరిచిన కప్పు మీద నల్లటి రబ్బరు షీటు, జాయింట్లన్నీ వేడిగాలితో అతికించి. చుక్క దిగదని మాటిచ్చి మరీ వేశాడు.

మొదటి వానకే దిగింది.

అప్పటినుంచి పద్నాలుగు నెలలు. బజారులో ఒకటే మాట. సొంత అన్న ఇల్లే కారుతోందట, ఇంక మనిల్లేం నిలబడుతుంది? ఒప్పుకున్న పనులు ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, సముద్రం ఒడ్డున కడుతున్న కొత్త బడి కప్పు. బడి పెద్ద టీచరమ్మ పోయిన వారం వచ్చి తేల్చి చెప్పి వెళ్లింది. అన్నదమ్ములిద్దరూ ఉండగా కప్పు విప్పి చూపించాలి. తప్పు చిన్నాడిదైతే పని ఇంకొకరికి. బడి పని పోతే చిన్నాడు పనిముట్లు మూట కట్టి, రేవులో చేపల బుట్టలు మోయడానికి పోతానన్నాడు.

ఆ చూపించే రోజు ఇదే.

వదిన కప్పు మీదికి ఎక్కింది. తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది గానీ మబ్బు ఇంకా అలాగే వేలాడుతోంది. వడ్రంగి ఒక మూల గొంతుక్కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు, అవసరం లేకపోయినా. చిన్నాడు చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో షీటు మీద అడుగులో అడుగేసుకుంటూ నడుస్తున్నాడు. షీటు కింద ఎక్కడ నీరుందో అరికాలికి తెలుస్తుందంటాడు. అది నిజమే, వదిన ఎన్నోసార్లు చూసింది.

"వదినా, ఆ తారు పూసిన పెద్దమనిషిని అడుగు. చెయ్యి కాలిందా, బుద్ధి కాలిందా అని. బంగారంలాంటి షీటు మీద తారు పులుముతారా ఎవరైనా?"

వడ్రంగి రెండు గజాల దూరంలోనే ఉన్నాడు. అయినా తల ఎత్తలేదు. వదిన అటు తిరిగి, "తారు పూయకుండా ఉంటే బాగుండేది అంటున్నాడండీ," అంది.

అప్పుడు వడ్రంగి నోరు తెరిచాడు. "పూయకపోతే మా అమ్మ మునిగిపోయేదని మీ మరిదికి చెప్పు. పని చేతకానివాడికి మాటలు మాత్రం బానే చేతనవునని కూడా చెప్పు."

వదిన ఇటు తిరిగింది. "అత్తయ్య ఇబ్బంది పడుతుంటే చూడలేక పూశారయ్యా."

అదీ ఆ ఇంటి తీరు. నాలుగేళ్లుగా అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏం చెప్పుకోవాలన్నా వదిన నోటినుంచే. ఎదురెదురుగా ఉన్నా సరే, చెవిన పడింది పడనట్టు ఊరుకుని, ఆమె చెప్పాకే జవాబిస్తారు. ఇటువాళ్లు ముళ్లతో ఇస్తే ఆమె ముళ్లు ఏరి అటు ఇచ్చేది. అటువాళ్లు నిప్పులా ఇస్తే చల్లార్చి ఇటు ఇచ్చేది. అలా కాకపోతే ఈ ఇల్లు ఏనాడో రెండు ముక్కలయ్యేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్లూ తలెత్తుకుని తిరిగింది.

చిన్నాడు అత్త గది పైకి వెళ్లలేదు. తారు మరకలున్న వైపు చూడనైనా చూడలేదు. వాలుకి ఎదురుగా పైకి, సముద్రం వైపు అంచుకి నడిచాడు. అంచు పొడుగునా షీటు మీద బిగించిన పలక దగ్గర ఆగి మడమతో నొక్కాడు. షీటు కింద పచక్‌మంది.

ఇంకో అడుగు. మళ్లీ పచక్.

"వదినా. ఈ అంచు పలక తీయమని చెప్పు."

వదిన అటు తిరిగేలోపే వడ్రంగి లేచి నిలబడ్డాడు. ఆమె చెప్పేదాకా ఆగకపోవడం ఎప్పుడో గానీ జరగదు.

"ఎందుకు తీయాలట? కారేది అమ్మ మంచం మీద. అది అటు చివర. పలక ఇటు చివర. పద్నాలుగడుగుల పలక, ఒక్క అతుకు లేకుండా దించాను. నేను తీయను. ముందు మంచం పైన చూడమను."

"నీరు పడిన చోటే దూరిందని ఏముంది?" అన్నాడు చిన్నాడు వదినతో. "పైన దూరి, షీటు కింద వాలు వెంట జారుకుంటూ పోయి, ఎక్కడ పలకల సందు దొరికితే అక్కడ దిగుతుంది. ఆ మాత్రం తెలియదా ఆయనకి?"

"ఆ మాత్రం తెలియదా అనడం లేదండీ," అంది వదిన. "తెలుసు కదా అంటున్నాడు."

ఆమెకి ఆ అంచు పలక కింద ఏముందో తెలుసు. మొదటి వాన పడిన రోజునుంచీ తెలుసు.

ఇల్లు కడుతున్నప్పుడు చిన్నాడు పొద్దున్నపూట పనిచేసేవాడు, వడ్రంగి మధ్యాహ్నం ఎక్కేవాడు. మొహాలు చూసుకోకుండా అలా వాటా వేసుకున్నారు. షీటు పని ఆఖరైన రోజున చిన్నాడు దిగుతూ దిగుతూ ఆమెతో అన్నాడు.

"మీ ఆయనకి చెప్పు వదినా. అంచు పలకకి పైనుంచి ఒక్క మేకు దించినా నా షీటు జల్లెడైపోతుంది. పక్కనుంచి, గోడవైపునుంచి బిగించుకోమను. చెక్క కనబడితే చెయ్యి ఊరుకోదు ఆయనకి. ఆ సుత్తి తీసి సముద్రంలో పారేస్తే ఇంటికి మంచిదని చెప్పు."

అలా ఎలా చెబుతుంది? అన్నం తినడానికి కూర్చున్న మనిషికి సుత్తి సముద్రంలో పారేయమని చెబితే కంచం ఎగిరి గోడకి తగలదా? ఆమె తన అలవాటు ప్రకారం సానబట్టింది. "అంచు దగ్గర కాస్త జాగ్రత్తగా చూసుకుని చేయమన్నాడండీ," అంది.

"ఎందుకట?"

ఎందుకో ఆమెకి సరిగ్గా తలకెక్కలేదు. సుత్తిని దాటేసే తొందరలో మేకు సంగతి కూడా దాటిపోయింది. "గాలికేమో," అంది.

"గాలికైతే ఒక్క మేకు ఏం చాలుతుంది? రెండేసి కొడతాను," అన్నాడు వడ్రంగి. కొట్టాడు. ఆమే ఒళ్లో రాగి మేకుల డబ్బా పెట్టుకుని ఒక్కొక్కటీ అందించింది. అందిస్తూ, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి, ఆయనకి తెలియదా అనుకుంది.

వాన పడ్డాక తెలిసింది. అప్పుడు చెప్పొచ్చు. రేపు చెబుదాం అనుకుంది. రేపటికి చిన్నాడి పని ఒకటి పోయింది. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది. పద్నాలుగు నెలలు అలా గడిచాయి. మరిది మొహం చిక్కిపోతుంటే అన్నంలో నెయ్యి ఎక్కువ వేసి పెట్టింది గానీ మాట మాత్రం పెగల్లేదు.

"ఎవరూ లేరా ఇంట్లో?" కింద పెద్ద టీచరమ్మ గొంతు.

"ఎందుకు లేరూ, నేనున్నాను పొయ్యి పక్కన, వంకాయలా," అంది అత్త. "మిగతావాళ్లంతా నెత్తి మీదున్నారు. ఎక్కండి, ఎక్కండి. జారకండి, ఇంకో మంచం వేయడానికి చోటు లేదు."

పెద్ద టీచరమ్మ మోచేతికి సంచీ తగిలించుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. మనిషి సన్నం, చూపు పదును. అన్నదమ్ములిద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇంకా విప్పలేదే?" అంది.

"పలక తీయనంటున్నారు," అన్నాడు చిన్నాడు.

"తీయనని నేనన్నానా?" వడ్రంగి మొహం గంటు పెట్టుకున్నాడు. పరాయి మనిషి ముందు తగ్గడం ఆయనకి ప్రాణసంకటం. "తీస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది. ఆ తర్వాత ఏడవకూడదు."

ఉలి దూర్చి, గునపం పెట్టి ఎత్తాడు. పలక కిర్రుమని మూలిగి పైకి లేచింది. దాంతోపాటే మేకులు లేచాయి. జానెడుకి రెండు చొప్పున, వరసగా, పలక పొడుగునా. ఒక్కో మేకు చుట్టూ షీటు కన్నం పడి, పెదవి విరిచినట్టు వెనక్కి వాలి ఉంది. కింది చెక్క బొగ్గులా నల్లబడి, వేలితో నొక్కితే ముద్దలా లోపలికి పోయింది.

కింద అల వచ్చి విరిగింది.

చిన్నాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక కన్నంలో చిటికెన వేలు పెట్టి చూశాడు. నవ్వాడు. ఆ నవ్వులో తడి లేదు.

"చూశారా టీచరమ్మా? నా జాయింట్లు చూడండి, ఒక్కటైనా ఊడిందేమో గుంజి చూడండి. ఇది నేను చేసిన కన్నమా?"

వడ్రంగి చేతిలో గునపం అలాగే ఉంది. పద్నాలుగు నెలలుగా తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి మొహం మీద కూర్చున్నట్టయింది ఆయనకి. కానీ ఒప్పుకునే మనిషి కాదు. పైగా, తన లెక్కన ఆయన తప్పు చేయలేదు.

"చెప్పిందే చేశాను. అంచు గాలికి లేవకుండా గట్టిచేయమని వాడే కబురు పెట్టాడు."

"నేనా?" చిన్నాడు దిగ్గున లేచాడు. "వదినా, అడుగు ఆయన్ని. దేవుడి మీద ఒట్టేసి చెప్పమను. మేకు కొట్టమని నేను కబురు పెట్టానా?"

"పెట్టలేదని ఒట్టేయమను ముందు వాడిని!"

పెద్ద టీచరమ్మ చెయ్యెత్తింది. "ఆగండి. నాకు మీ గొడవలొద్దు. నేను పిల్లలని ఆ బడి కప్పు కింద కూర్చోబెట్టాలి." చిన్నాడికేసి తిరిగింది. "మేకు కొట్టమని మీరే చెప్పి ఉంటే మీకు ఈ పని తెలియదని అర్థం. వేరేవాళ్లని చూసుకుంటాను. కొట్టొద్దని చెప్పి ఉంటే, మీకు తెలిసే ఉంది. ఈ రెంటిలో ఏది?"

"కొట్టొద్దన్నాను."

"సాక్ష్యం?"

చిన్నాడు వదిన వైపు చూశాడు. చూసి ఊరుకున్నాడు. అడగలేదు. వదిన తన మాట మింగేసి ఉంటుందన్న ఊహే వాడికి తోచలేదు. అన్న అబద్ధమాడుతున్నాడనుకుంటున్నాడు, అంతే.

వడ్రంగి కూడా ఆమెకేసే చూశాడు. ఆయన చూపులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. ముప్పై ఏళ్ల పనితనం ఆ చూపులో వేలాడుతోంది. "గట్టిచేయమన్నాడు" అని ఆమె ఒక్క మాటంటే ఆయన నిలబడతాడు. ఏమీ అనకపోయినా నిలబడతాడు. మరిది మునుగుతాడు.

ఒక్క క్షణం ఆమెకి ఊరుకుందామనే అనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పాలనీ తెలుసు. ఊరుకుంటే రేపటికి కూడా ఆమె వదినే. చెబితే ఏమవుతుందో తెలియదు.

"వాడు కొట్టొద్దనే చెప్పాడమ్మా," అంది వదిన.

"అలా చెప్పు!" అన్నాడు చిన్నాడు.

"పక్కనుంచి బిగించుకోమన్నాడు. ఒక్క మేకు దిగినా షీటు జల్లెడవుతుందన్నాడు. నేనే ఆయనకి చెప్పలేదు. జాగ్రత్తగా చేయమన్నాడని మాత్రం చెప్పాను. గాలికని నేనే కల్పించాను. మేకులూ నేనే అందించాను." పలకకున్న మేకులకేసి చూసింది. "తప్పు ఆయనదీ కాదు, వీడిదీ కాదు."

వడ్రంగి చేతిలో గునపం ఠంగుమని జారి పడింది.

"ఏం కూలింది రా?" కిందనుంచి అత్త.



పెద్ద టీచరమ్మ వంగి, ఒక జాయింటు అంచుని గోటితో లేపడానికి చూసింది. లేవలేదు. ఇంకొకటి చూసింది. అదీ లేవలేదు.

"సోమవారం పనిలోకి రండి," అంది చిన్నాడితో. నిచ్చెన దగ్గర ఆగి వదినని ఒకసారి చూసింది. "బడిలో ఏదైనా చెప్పాలంటే నాకే చెప్పండి. మధ్యలో మనిషిని పెట్టకండి." అని దిగిపోయింది.

పనొచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత పనొచ్చింది. చిన్నాడి మొహంలో మాత్రం సంతోషం ఇసుమంత లేదు. వాడు వదిననే చూస్తున్నాడు, పరిచయం లేని మనిషిని చూసినట్టు.

"నా పిల్లలకి అన్నం పెట్టావు వదినా, పోయిన నెల. గుర్తుందా? మూడు రోజులు వరసగా పిలిచి పెట్టావు. వడ్డిస్తున్నప్పుడు కూడా నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"తెలిసే వడ్డించావా?"

ఆ అన్నం ఆమె ప్రేమగానే పెట్టింది. ఇప్పుడామాట అంటే ఎవరు నమ్ముతారు?

వడ్రంగి వచ్చి, విప్పిన పలక పక్కన కూర్చున్నాడు. మేకుల్ని ఒకదాని తర్వాత ఒకటి చూపుడు వేలితో తాకాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఒరేయ్."

ఆ పిలుపు ఎవరికో వదినకి వెంటనే అర్థం కాలేదు. నాలుగేళ్లయింది ఆ గొంతులో ఆ పిలుపు విని.

"చెప్పు," అన్నాడు చిన్నాడు. అన్నతోనే అన్నాడు. సూటిగా.

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లనుంచో కోరుకున్నది. తన తప్పుతోనైనా సరే కలిశారు, అంతే చాలనుకుంది. ఇద్దరికీ మంచినీళ్లు తెద్దామని నిచ్చెన వైపు నడిచింది.

"మేకు మాట ఒక్కటేనా," అన్నాడు వడ్రంగి తమ్ముడితో, "ఇంకా ఉంటాయా?"

ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"ఉంటాయి," అన్నాడు చిన్నాడు. "నాకూ అదే అనిపిస్తోంది." వాడు వచ్చి అన్న పక్కనే, అదే పలక వారన, మేకులు తగలకుండా కూర్చున్నాడు. "నా పెద్దదాని పుట్టినరోజుకి పిలిస్తే, తీరిక లేదన్నావట?"

"నన్నెవరు పిలిచారు? రమ్మంటే బాగుండదేమో అన్నావని చెప్పింది."

"నీ మొహం చూస్తే కేక్ దిగదు, అయినా పిల్ల అడుగుతోంది కాబట్టి తగలడమన్నాను. అలాగే చెప్పమన్నాను."

"అలాగే చెప్పి ఉంటే తిట్టుకుంటూ వచ్చేవాణ్ని."

ఆ మాటకి ఇంకోరోజైతే ముగ్గురూ నవ్వేవారు. వదిన నిచ్చెన కొమ్ము పట్టుకుని నిలబడింది. వాళ్లు ఆమెను చూడడం లేదు. ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు గానీ ఆమెతో కాదు.

చిన్నాడు గొంతు తగ్గించాడు. "అన్నయ్యా. నాన్న పోయిన రోజు. నేను ఫోన్ చేస్తే వదినే ఎత్తింది. నీకేమని చెప్పింది?"

వడ్రంగి సముద్రం వైపు చూస్తూ, గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం లేని మాటని మెల్లగా పైకి తీశాడు.

"బయల్దేరావనీ, వీలైతే ఆగమన్నావనీ చెప్పింది. అందరూ తొందరపెట్టారు. చీకటిపడితే ఒడ్డున దారి ఉండదన్నారు. ఇంక వీలు కాలేదు."

"వీలైతే?" అన్నాడు చిన్నాడు.

"వీలైతే."

"నేను వచ్చేలోపు నాన్నని గడప దాటించావంటే ఈ జన్మలో నీ మొహం చూడనని చెప్పమన్నాను. ఏడుస్తూ చెప్పాను. వీలైతే అన్న మాట నా నోట రాలేదు అన్నయ్యా."

వడ్రంగి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. నాలుగేళ్ల కింద, చిన్న కొడుకు లేకుండానే తండ్రిని సాగనంపిన మనిషి ఆయన. అది పట్టించుకోని మనిషి కూడా ఆయనేనని తమ్ముడు అనుకుంటూ వచ్చాడు. చెప్పినా లెక్కచేయలేదని వాడు, చెప్పకుండా అలిగాడని ఈయన. మధ్యలో ఆమె ఏరిపారేసిన ముల్లు.

అప్పుడు ఇద్దరూ ఒకేసారి తలలెత్తి ఆమెకేసి చూశారు.

కింద అత్త చెవులు రిక్కించి ఉన్నట్టుంది. మొగుడి ఊసు చూచాయగా అందినట్టుంది. మంచం కోళ్లు నేల మీద కిర్రుమన్నాయి.

"ఏమే!" ఆవిడ గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "మీ మామగారి సంగతేదో మాట్లాడుకుంటున్నారు వాళ్లు. నాకు సరిగ్గా వినపడ్డం లేదు. ఏమంటున్నారో చెప్పు."

అన్నదమ్ములు కదల్లేదు. ఆమె ఏం చెబుతుందో విందామని ఇద్దరూ చూస్తున్నారు.

వదిన నిచ్చెన మీంచి కిందికి వంగి, నోరు తెరిచింది.